బడి దాకా రోడ్డు: నడిచీ, సైకిల్ మీదా వెళ్లే పిల్లల కోసం మనం చేయగలిగిన పనులు

మా ఊరి హైస్కూలు గేటు నేరుగా తారురోడ్డు మీదికే తెరుచుకుంటుంది. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టే సరికి గేటు ముందు ఆటోలు, ఐసు బండి, పిల్లల కోసం వచ్చిన బైకులు వరసగా నిలబడి ఉంటాయి. పిల్లలు నడవడానికి మిగిలేది రోడ్డు మధ్య భాగమే. సరిగ్గా అప్పుడే టౌను నుంచి బస్సు వస్తుంది. "చూసుకుని వెళ్లండర్రా" అని మేం అరుస్తుంటాం. అలా అరిచేవాళ్లలో సగం మందిమి బైకును గేటుకు అడ్డంగా పెట్టినవాళ్లమే.

బడి యాజమాన్య కమిటీలో కొన్నేళ్లు పనిచేశాక నాకు ఒకటి అర్థమైంది. పిల్లలకు జాగ్రత్తలు చెప్పడంతో మొదలుపెడితే పని అక్కడే ఆగిపోతుంది. మీటింగు పెట్టామని, పోస్టర్ అంటించామని అందరం ఇంటికి వెళ్లిపోతాం. రోడ్డు మాత్రం నిన్నటిలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ వరస వేరుగా పెట్టాను. ముందు రోడ్డు, తర్వాత పెద్దవాళ్లు, ఆ తర్వాతే పిల్లలు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఏ బండీ ఎక్కకుండా, తమ దారిన తాము నడుస్తున్నవాళ్లు.

1. ముందు మీరు ఆ దారిలో నడవండి

బడి ఉన్న రోజున, బడి టైముకే, మీ అమ్మాయితోనో అబ్బాయితోనో కలిసి ఇంటి నుంచి గేటు దాకా నడవండి. ఆదివారం ఖాళీ రోడ్డు మీద నడిస్తే ఏమీ తెలియదు. మీరు ముందు నడవకుండా పిల్లలనే దారి చూపించమనండి. మీరు దాటమని చెప్పిన చోట కాకుండా, స్నేహితురాలి ఇల్లు ఎదురుగా ఉందనో, అక్కడ కుక్కలు ఉండవనో, నీడ ఉందనో ఇంకెక్కడో దాటుతున్న సంగతి అప్పుడు బయటపడుతుంది. వాళ్లను తిట్టకండి. ఆ చోటు రాసుకోండి.

అనుమానం వచ్చిన ప్రతి చోటా ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. మీకు ఆగి ఉన్న ఆటో మీదుగా అవతలి లారీ కనిపిస్తుంది. రెండో తరగతి పిల్లకు కనిపించేది ఆటో టైరు. ఫోనును ఆ ఎత్తులో పట్టుకుని ఫొటో తీసి పెట్టుకోండి. రేపు రోడ్డు చూసే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారి బల్ల మీద పెట్టడానికి పది పేజీల అర్జీ కంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ పనిచేస్తుంది.

నోటుబుక్కులో ఏం రాయాలంటే, రోడ్డు పక్క మార్జిన్ ఎక్కడ కోసుకుపోయి పిల్లలు తారు ఎక్కుతున్నారు, ఏ మలుపులో సర్కారు తుమ్మ పెరిగి ఎదుటి బండి కనిపించడం లేదు, ఏ కల్వర్టుకు గోడ లేదు, మోరీ మీద పలక ఎక్కడ పగిలింది, వీధి దీపం ఎక్కడ వెలగదు, ఫుట్‌పాత్ ఉన్నా దాని మీద ట్రాన్స్‌ఫార్మరో టీ కొట్టో ఎక్కడ ఉంది. రైలు పట్టాల మీదుగా అడ్డదారి ఉంటే దాన్ని ఎర్రసిరాతో రాయండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొట్టిన సంగతి మన దగ్గర ఎవరూ మర్చిపోలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. పట్టాలు దాటే కాలిబాటలు మాత్రం చాలా ఊళ్లలో అలాగే ఉన్నాయి.

ఇప్పుడు చిన్న లెక్క. రెండు వరసల తారురోడ్డు మామూలుగా 7 మీటర్ల వెడల్పు ఉంటుంది. బ్యాగు మోస్తున్న పిల్లలు సెకనుకు సుమారు ఒక మీటరు నడుస్తారు. అంటే దాటడానికి 7 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 7 సెకన్లలో దాదాపు 117 మీటర్లు వస్తుంది. కాబట్టి మీ పిల్లలు దాటే చోటు నుంచి రెండు వైపులా కనీసం 120 మీటర్ల రోడ్డు కనిపించకపోతే, వాళ్లు ఎంత జాగ్రత్తగా చూసినా లాభం లేదు. రోడ్డు ఖాళీ అనుకునే కాలు పెడతారు. అదే కారు 30 వేగంతో వస్తే 60 మీటర్లు కనిపించినా చాలు.

బండ్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో కొలవడానికి పోలీసుల స్పీడ్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దముక్కతో గీతలు పెట్టండి. ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. ఆ దూరం దాటడానికి బండికి 6 సెకన్లు పడితే వేగం 30, 4 సెకన్లయితే 45, 3 సెకన్లయితే 60. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నిలబడి ఓ వంద బండ్లు రాసుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది మంచి లెక్కల ప్రాజెక్టు కూడా. కాకపోతే వాళ్లను గోడ లోపలే నిలబెట్టండి.

2. గేటు ముందు యాభై మీటర్లు: ఎవరినీ అడగక్కర్లేని పనులు

అర్జీలు తర్వాత పెడదాం. బడి గేటుకు అటూ ఇటూ యాభై మీటర్లు మన చేతిలో ఉన్న జాగా. ఒక వారంలో, దాదాపు ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు.

అన్నింటికంటే ముందు మాన్పించాల్సింది రోడ్డు అవతల నిలబడి పిల్లల్ని పిలవడం. నాన్న అటువైపు బైకు ఆపి "చిన్నా, ఇటు రా" అంటాడు. ఆ పిల్లకు ఇక నాన్న తప్ప రోడ్డు కనిపించదు. అంతవరకూ ఎన్ని నేర్పినా ఆ ఒక్క పిలుపుతో పోతుంది. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు బడి ఉన్న వైపే బండి ఆపాలి. అటువైపే ఆపాల్సి వస్తే, దిగి ఇటు నడిచి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. ఈ ఒక్క మాట మీద తల్లిదండ్రుల మీటింగులో అరగంట మాట్లాడినా దండగ కాదు.

తర్వాత ఆటోలు. యూనియన్ వాళ్లను, విడిగా నడిపేవాళ్లను పిలిచి బడి వైపే, గేటుకు వంద మీటర్ల అవతల ఒక చోటు చూపించండి. వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. ఆ ఆటో అన్నకు మీ పిల్లల పేర్లన్నీ తెలుసు. ఏ రోజు ఎవరు రాలేదో కూడా తెలుసు. నీడ ఉన్న చోటు చూపిస్తే ఎవరూ కాదనరు. మేం మొదట ఎండలో చోటు చూపించి రెండు రోజులకే భంగపడ్డాం. గేటు ముందు సున్నంతో గీత కొట్టి, రెండు చివర్లా పాత టైర్లకు రంగు వేసి పెడితే అక్కడ బండి ఆపకూడదని చెప్పకుండానే తెలుస్తుంది.

పిల్లలందరినీ ఒకేసారి వదలకండి. ముందు నడిచి వెళ్లేవాళ్లు, అయిదు నిమిషాల తర్వాత సైకిళ్లు, ఆ తర్వాత ఆటోలు, బస్సుల వాళ్లు. హెచ్ఎం గారు ఒప్పుకుంటే చాలు. బడి ప్రహరీకి పక్క సందులోకి చిన్న గేటు పెట్టే వీలుంటే అంతకంటే మంచి పని లేదు. గేటు తెరవగానే పిల్లలు బాణంలా రోడ్డు మీదికి దూసుకుపోకుండా ఎదురుగా అడ్డంగా ఓ ఇనుప కడ్డీ వేయించండి. వాళ్లు ఆగి పక్కకు తిరగాల్సి వస్తుంది. అదే కావాలి మనకు.

బస్సులున్న బడులైతే ఒక్క నియమం గట్టిగా పెట్టాలి. పిల్లలు ఆవరణలో ఉండగా బస్సు రివర్స్ తీయకూడదు. తప్పదంటే క్లీనర్ దిగి వెనక నిలబడాలి. చిన్నపిల్లలు అద్దాల్లో కనిపించరు.

3. రోడ్డు మీద ఏం అడగాలి

వేగం ఎంత ముఖ్యమో చూడండి. డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి తారు మీద మంచి బ్రేకులున్న కారు 30 వేగంలో మొత్తం 13 మీటర్లలో ఆగుతుంది. 50లో 28 మీటర్లు, 60లో 36 మీటర్లు కావాలి. అంటే 30లో వస్తున్న కారు పిల్లను చూసి ఆగిపోయే చోట, 60లో వస్తున్న కారు ఇంకా బ్రేకు మీద కాలే పెట్టి ఉండదు. 2020లో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు, పాదచారులూ సైకిళ్లూ బండ్లతో కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని చెప్పింది ఇందుకే. బోర్డు మీద 30 అని రాస్తే ఎవరూ తగ్గరు. రోడ్డే తగ్గించాలి.

మన దగ్గర అందరికీ తెలిసిన మందు స్పీడ్ బ్రేకర్. దానికో లెక్క ఉంది. దేశంలో రోడ్ల కొలతలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అది 25 వేగంతో హాయిగా దాటగలిగే వాలు. మన ఊళ్లలో యువకులు రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టేది అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉన్న గోడ. దానికి రంగు ఉండదు, బోర్డు ఉండదు. చీకట్లో బైకు ఎగిరితే వెనక కూర్చున్న తల్లీ బిడ్డా కింద పడతారు. అనుమతి లేకుండా కట్టడం నేరం కూడా. ఎవరి కోపమైనా అర్థం చేసుకోగలను, ముఖ్యంగా ఒక పిల్ల పోయిన వారంలో. కానీ కొలత తప్పిన స్పీడ్ బ్రేకర్ ఇంకో ఇంట్లో ఏడుపు పెడుతుంది.

అర్జీలో ఇవి అడగండి: కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్, దానికి 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, నలుపు తెలుపు చారలు, రాత్రి లైటు పడితే మెరిసే బిళ్లలు (క్యాట్ ఐస్). గేటుకు రెండు వైపులా ఎర్ర త్రికోణంలో పిల్లల బొమ్మ ఉన్న బడి బోర్డు. జీబ్రా గీతలు గేటుకు సరిగ్గా ఎదురుగా కాకుండా పిల్లలు నిజంగా దాటే చోట కావాలి. అది మీ నోటుబుక్కులో ఉంది. జీబ్రా ఒక్కటే వేసి వదిలేస్తే ప్రయోజనం తక్కువ. మన డ్రైవర్లు దాన్ని ముగ్గులా చూస్తారు. స్పీడ్ బ్రేకర్‌ను జీబ్రాకు కాస్త ముందు పెట్టించండి, లేదా జీబ్రానే ఎత్తుగా, బల్లపరుపుగా కట్టించండి. మలుపుల్లో పొదలు కొట్టించడానికి ఆఫీసులో వాడే మాట జంగిల్ క్లియరెన్స్. ఆ మాటే రాయండి, ఫైలు తొందరగా కదులుతుంది.

టౌన్లలో ఫుట్‌పాత్ అడిగేటప్పుడు కొలత చెప్పండి. కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. అంచు మోకాలెత్తు కడితే పిల్లలూ, ముసలివాళ్లూ దిగి రోడ్డు మీదే నడుస్తారు. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ పౌరుల హక్కని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి అర్జీలో ఒక వాక్యంగా పెట్టండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. చూడముచ్చటగా ఉంటుంది. అందులో ఒక్క కిలోమీటరైనా ఏదో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ముందు ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

4. ఏ రోడ్డు ఎవరిది

అర్జీలు చాలావరకు చచ్చిపోయేది ఇక్కడే. రోడ్డు ఎవరిదో తెలియకుండా ఎమ్మెల్యే గారికి ఇచ్చి ఫొటో దిగి వస్తాం. ఊరి లోపలి వీధులు పంచాయతీవి. ఊరి నుంచి ఊరికి వెళ్లేవి ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖవి. మండలాలనూ జిల్లాలనూ కలిపే పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బి)వి. పట్టణంలో మున్సిపాలిటీవి. జాతీయ రహదారి అయితే హైవే వాళ్లవి, వాళ్ల ఫోను 1033. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్ అడిగితే ఇవ్వరు. అక్కడ అడగాల్సినవి రంబుల్ స్ట్రిప్స్ (బండిని గడగడలాడించే సన్నటి గట్లు), సర్వీస్ రోడ్డు, రెయిలింగ్, అండర్‌పాస్. తెలియకపోతే పంచాయతీ కార్యదర్శిని అడగండి, చెబుతారు.

ముందు బడి కమిటీ తీర్మానం రాయించండి. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి ఆ తీర్మానానికి బలం ఉంటుంది. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో, ప్రైవేటు బడి అయితే తల్లిదండ్రుల సంతకాలతో రాయించవచ్చు. దానికి మీ ఫొటోలు, వేగం లెక్క, చేత్తో గీసిన పటం జత చేయండి. మూడు కాపీలు: ఒకటి రోడ్డు ఉన్న శాఖకు, ఒకటి స్టేషన్ ఎస్సైకి, ఒకటి కలెక్టరేట్‌కు. సోమవారం తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. మీ అర్జీని ఆ కమిటీ అజెండాలో పెట్టమని రాయండి. పోలీసులూ ఇంజినీర్లూ రవాణా అధికారులూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అదొక్కటే. లేకపోతే ఒకరు ఇంకొకరి పేరు చెబుతూ ఏడాది గడిపేస్తారు. 2019లో చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్ రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రమాదం జరిగితే బాధ్యులైన సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటుంది. బెదిరించడానికి కాదు, గుర్తు చేయడానికి ఒక లైనుగా రాస్తే చాలు.

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద "ఈ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారు" అని అడగండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మా అర్జీ ఒక ఆఫీసులో నాలుగు నెలలు పడుకుంది. పది రూపాయల కాగితం వెళ్లిన మూడో వారానికి ఏఈ గారు టేపు పట్టుకుని వచ్చారు.

5. కాళ్లతో నడిచే బస్సు

జపాన్‌లో ప్రాథమిక బడి పిల్లలు వీధివారీగా గుంపు కట్టి నడిచి వెళ్తారు. చిన్నవాళ్ల నెత్తిన పసుపుపచ్చ టోపీలు ఉంటాయి. మన పల్లెల్లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఒకప్పుడు పక్క ఊరి బడికి అందరం అలా వెళ్లినవాళ్లమే. దానికి కొంచెం పద్ధతి పెడితే చాలు.

ఒక వీధి పిల్లలు ఎనిమిది పది మంది. ముందు ఒక పెద్దవాళ్లు, వెనక ఒకరు. వేళ ఖాయం: రామాలయం దగ్గర 8:20, నీళ్ల ట్యాంకు దగ్గర 8:25. ఆలస్యమైతే గుంపు ఆగదు. ఇది కఠినంగా అనిపించినా, ఆగడం మొదలుపెడితే వారంలో అంతా చెడిపోతుంది. వంతులు వేసుకుంటే ఒక్కో ఇంటికి వారంలో ఒక పూట పడుతుంది. పొలం పనుల రోజుల్లో తల్లులకు కుదరదు. రిటైరైన మాస్టార్లు, తాతలు, అమ్మమ్మలు ఉంటే ఈ పని బాగా నడుస్తుంది. మా వీధిలో ఒక తాతగారు ఎర్ర తువ్వాలు ఊపుతూ లారీలను ఆపేవారు. హోంగార్డు కంటే ఆయనకే ఎక్కువ భయపడేవారు.

6. ఇప్పుడు పిల్లలకు

తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా పిల్లలకు వచ్చే బండి వేగం సరిగ్గా అంచనా కట్టడం రాదు. అది తెలివికి సంబంధించింది కాదు, వయసుకు సంబంధించింది. ఆ వయసు లోపు పిల్లలు పెద్ద రోడ్డును ఒంటరిగా దాటే పరిస్థితి రాకుండా చూడాలి.

నేర్పాల్సినవి తక్కువ, కానీ రోడ్డు మీదే నేర్పాలి. అంచు దగ్గర ఆగడం, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడడం. మన దగ్గర దగ్గరి వరసలో బండి కుడి నుంచి వస్తుంది కాబట్టి రెండోసారి కుడి చూడడమే ముఖ్యం. పరుగెత్తకుండా నేరుగా దాటడం. ఆగిన బస్సు ముందు నుంచి ఎప్పుడూ దాటకపోవడం, బస్సు వెళ్లిపోయాకే దాటడం.

ఇంకో మాట. "రోడ్డుకు ఎడమ పక్కన నడు" అని మనకు చిన్నప్పుడు చెప్పారు. అది బండ్లకూ సైకిళ్లకూ సరిపోతుంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు కుడి అంచునే నడవాలి. అప్పుడే దగ్గరగా వచ్చే బండి ఎదురుగా కనిపిస్తుంది. ఎడమ అంచున నడిస్తే అది వీపు వెనక నుంచి వస్తుంది.

ఒకసారి చెబితే రాదు. అదే దారిలో పది పదిహేను రోజులు మీరు పక్కన నడవాలి, తర్వాత పది అడుగుల వెనక, ఆ తర్వాత దూరం నుంచి. ఇయర్‌ఫోన్స్ సంగతి పై తరగతి పిల్లలకు చెప్పక తప్పదు.

7. సైకిల్

ఆంధ్రప్రదేశ్‌లో 2017లో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదటిసారి అమ్మాయి సొంతంగా బండి ఎక్కింది. సైకిల్ చదువును కాపాడుతుంది. హైస్కూలు దూరమని ఏడో తరగతితో మానేసే పిల్లల్ని చూసినవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు. అందుకే ప్రమాదం భయంతో సైకిల్ మాన్పించమని నేను చెప్పను.

మొదట ఎత్తు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాల మునివేళ్లూ నేలకు తగలాలి. "పెరుగుతాడుగా" అని పెద్ద సైకిల్ కొనడం మన అలవాటు. యూనిఫామ్ ఒక సైజు పెద్దది కొన్నా నష్టం లేదు. సైకిల్ అలా కాదు, కాలు అందకపోతే ఆపలేరు. బార్ కింది నుంచి కాలు దూర్చి తొక్కే విద్య మనకు తీపి జ్ఞాపకమే, హైవే పక్కన మాత్రం వద్దు.

ప్రతి సోమవారం పొద్దున మూడు నిమిషాల తనిఖీ చేయించండి. టైరు బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. ముందు బ్రేకు పట్టి తోస్తే ముందు చక్రం, వెనక బ్రేకు పట్టి తోస్తే వెనక చక్రం కదలకూడదు. బ్రేకు రబ్బర్లు రిమ్ముకే తగలాలి, టైరుకు కాదు. చైను వేలాడకూడదు. హ్యాండిల్, ముందు చక్రం సూటిగా ఉండాలి. గంట మోగాలి. బడిలో పీఈటీ సారు నెలకోసారి గేమ్స్ పీరియడ్‌లో అందరి సైకిళ్లూ చూసి, పంక్చర్ షాపు ఆయన్ను పిలిపించి రెండు గంటలు కూర్చోబెడితే సగం సమస్యలు అక్కడే తీరతాయి.

ఆడపిల్లల సైకిళ్లకు చైన్ కవరు, వెనక చక్రానికి వల తప్పనిసరి. చున్నీ చక్రంలో పడి కిందపడడం మన దగ్గర చాలా మామూలు. ఎక్కే ముందు చున్నీని రెండు కొసలూ వెనక్కి తీసి ముడి వేసుకోవాలి. స్కూలు బ్యాగు హ్యాండిల్‌కు తగిలించకూడదు, మలుపులో అది చక్రానికి తగిలి హ్యాండిల్ తిరగనివ్వదు. వీపున గానీ, తాడుతో గట్టిగా కట్టి క్యారియర్ మీద గానీ ఉండాలి. టిఫిన్ డబ్బా సంచీకీ ఇదే మాట.

వెనక మడ్‌గార్డుకు ఎర్ర రేడియం, ముందు తెల్ల రేడియం, పెడళ్లకు రేడియం ముక్కలు. నంబర్ ప్లేట్లు రాసే షాపులో మిగిలిన తుంపులు అడిగితే ఊరికే ఇస్తారు. బ్యాగు వెనక కూడా ఒక పట్టీ అంటించండి, నడిచి వెళ్లేవాళ్లకూ అది పనికొస్తుంది. హెల్మెట్ కొనగలిగితే మంచిది. నుదుటి మీద కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. వెనక్కి జారిన హెల్మెట్ టోపీతో సమానం.

తొక్కడం వచ్చినంత మాత్రాన రోడ్డు మీద తొక్కడం వచ్చినట్టు కాదు. ముందు బడి గ్రౌండులో నేర్పండి. సుద్దగీత మీద సూటిగా తొక్కడం, సూటిగా పోతూనే భుజం మీదుగా వెనక్కి చూడడం, ఒక చెయ్యి చాపి సైగ చేయడం, రాయి పెట్టిన చోట సరిగ్గా ఆగడం. ఈ నాలుగూ వచ్చాకే రోడ్డు. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక బడి దాటే వయసులో పిల్లలకు సైకిల్ పరీక్ష పెడతారు. మనం పరీక్షలు పెట్టడంలో వెనకబడినవాళ్లం కాదు కాబట్టి ఇదొకటి చేర్చుకోవచ్చు.

రోడ్డు మీద ఎడమ అంచుకు అడుగున్నర లోపలికి, ఒకరి వెనక ఒకరు. మరీ అంచుకు ఒదిగితే మార్జిన్ గుంటలో చక్రం జారుతుంది. ఎదురుదారిలో తొక్కకూడదు. కుడివైపు తిరగాలంటే పెద్ద రోడ్డు మధ్యలో నిలబడక్కర్లేదు. ఎడమన ఆగి, దిగి, నడిచి దాటడమే మంచిది. లారీ, ట్రాక్టర్ ట్రాలీల ఎడమ పక్కన దూరకూడదు, అక్కడ డ్రైవరుకు కనబడరు. ట్రాలీ గొలుసు పట్టుకుని వేలాడే ఆట మగపిల్లలది. దాన్ని మాన్పించాలంటే ముందు ట్రాక్టరు డ్రైవరుతోనే మాట్లాడాలి.

8. కాలాన్ని బట్టి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పన్నెండున్నరకు మండుటెండలో పిల్లలు ఇంటికి బయలుదేరతారు. రోడ్డు ఖాళీగా ఉంటుంది, బండ్లు వేగంగా వస్తాయి. చెట్టు నీడ కోసం పిల్లలు రోడ్డుకు అటూ ఇటూ మారుతూ నడుస్తారు. గేటు దగ్గర కాపలా ఆ వేళకు మారిందో లేదో చూసుకోండి.

డిసెంబరు, జనవరిలో మంచు. అదే కాలంలో పదో తరగతికి స్టడీ అవర్లు, ఇళ్లకు వెళ్లేసరికి చీకటి. ఆ పిల్లలను ఊరువారీగా గుంపులుగా పంపాలి. ప్రతి సైకిల్‌కూ రేడియం, గుంపుకు రెండు టార్చిలైట్లు అయినా ఉండాలి.

కోతలప్పుడు రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. రైతుకు కల్లం లేకే ఆ పని చేస్తాడు, తిట్టి లాభం లేదు. కానీ వడ్ల మీద సైకిల్ జారుతుంది. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు, సగం రోడ్డు మూసుకుపోతే పిల్లలు ఎదురు వరసలోకి వెళ్తారు. బడి దారిలో ఉన్న భాగం వరకైనా వదలమని, రాళ్లు సాయంత్రానికే తీసేయమని పంచాయతీలో మాట తీసుకోవచ్చు. వానాకాలంలో పొంగే వాగు సంగతి వేరే చెప్పాలా. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆ రోజు బడి లేదు, అంతే.

9. తాళం చెవులు

బడి దారిలో పిల్లలకు ప్రమాదం తెచ్చేవాళ్లలో తోటి పిల్లలూ ఉన్నారు. తొమ్మిదో తరగతి కుర్రాడు నాన్న బైకు మీద ముగ్గుర్ని ఎక్కించుకుని గేటు ముందే వేగం చూపిస్తాడు. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. మీటింగులో జైలు మాట కంటే ఈ చివరి మాటే తండ్రులను ఎక్కువగా కదిలిస్తుంది. బడి ఆవరణలోకి పిల్లల బైకులు రానివ్వబోమని తీర్మానం చేయండి. బయట పాన్ షాపు దగ్గర పెట్టి వస్తారు, అక్కడా చూడాలి.

మనం పిల్లల్ని బైకు మీద దింపేటప్పుడు, నాలుగేళ్లు దాటినవాళ్లకు హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి.

10. ప్రమాదం జరిగితే, ఆ తర్వాత

108కి ఫోన్ చేయండి, పోలీసులకు 112. తలకో మెడకో దెబ్బ తగిలిందనిపిస్తే పిల్లను ఎత్తి బైకు మీద కూర్చోబెట్టకండి, కదపకుండా ఉంచండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇబ్బంది పెట్టకూడదని అదే చట్టం 134ఎ సెక్షన్ చెబుతోంది, పేరు చెప్పమని బలవంతం చేయడానికీ లేదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. ఆసుపత్రిలో ఆ మాట మీరే అడగండి.

చిన్నదైనా, తృటిలో తప్పినదైనా ప్రతి సంఘటనా బడిలో ఒక రిజిస్టరులో రాయించండి: తేదీ, వేళ, చోటు, ఏ బండి. ఒకే చోటు పేరు మూడుసార్లు వస్తే దాన్ని కాపీ తీసి మళ్లీ సోమవారం అర్జీకి వెళ్లాలి.

జూన్ 12న బడులు తెరిచే ముందు వారం ఇంకోసారి నడవండి. ఎండకూ టైర్లకూ జీబ్రా గీతలు మాసిపోయి ఉంటాయి, బోర్డుకు తుమ్మ కొమ్మలు అడ్డం వచ్చి ఉంటాయి, స్పీడ్ బ్రేకర్ మీద కొత్త తారు పొర పోసి ఎవరో చదును చేసి ఉంటారు. ఒకటో తరగతిలో కొత్త పిల్లలు చేరి ఉంటారు.